డాక్టర్ బిడ్డ చెప్పిన మాట

ఆదివారం పొద్దున వికారాబాద్‌లో రైలెక్కిన దీక్షిత తాండూరులో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. చేతిలో పండ్ల సంచి, భుజానికి బ్యాగు, ముఖంలో ఏ పనైనా చక్కబెట్టగలనన్న ధీమా. ఆ ధీమా ఆమెకు పుట్టుకతోనే వచ్చింది. మా అక్కకు తెలియనిది ఏదైనా ఉందంటే దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదన్నమాటే అని తమ్ముడు సంతోష్ అందరి ముందూ అంటుంటాడు. దీక్షిత దాన్ని పొగడ్తగానే తీసుకుంటుంది.

ఆమె వికారాబాద్‌లో ఓ ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఈమధ్యే పీహెచ్‌డీ చేతికొచ్చింది. గుండె వేగాన్నీ బీపీనీ అదుపులో ఉంచే బీటా బ్లాకర్ మందులు రక్తంలోని ప్లేట్‌లెట్ల పనితీరు మీద ఏ ప్రభావం చూపుతాయన్నది ఆమె పరిశోధన. ఏళ్ల తరబడి చేసిన పని. పట్టా వచ్చిన రోజు తల్లి సత్యమ్మ వాడంతా తిరిగి "నా బిడ్డ డాక్టరైంది" అని చెప్పుకుని పేడాలు పంచింది. నేను రోగుల్ని చూసే డాక్టర్ని కాదమ్మా, చదువు డాక్టర్ని అని దీక్షిత ఒకసారి చెప్పింది, రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ పిలుపు ఆమెకూ బాగానే ఉంది.

గేటు తీయగానే కళ్లు బొప్పాయి చెట్టు మీద పడ్డాయి. పోయిన ఆదివారం గొడుగులా ఉన్న చెట్టు ఇప్పుడు ఎవరో గుండు గీసినట్టుంది. కొసన రెండు లేత ఆకులు మాత్రం మిగిలాయి.

"అంబికా, చెట్టుకేమైంది? మేకలేమన్న పడ్డయా?" అంటూ లోపలికి వచ్చింది.

వంటింట్లో మరదలు అంబిక జొన్న రొట్టెలు చేస్తోంది. అంబిక సంతోష్ భార్య, కర్ణాటకలోని సేడం వైపు పిల్ల. పొయ్యి ముందు నిలబడితే చెయ్యి ఆగదు. రోజూ ఆ పక్కనే కూర్చుని పిండి కలిపిచ్చే సత్యమ్మ, ఇవాళ గోడకు జారగిలబడి కళ్లు మూసుకుని ఉంది. నాపరాయి బండల మీద కాళ్లు చాపుకుంది. నుదురంతా చెమట.

"అమ్మా! ఏమైంది? గట్లున్నవేంది?"

"ఏం కాలే బిడ్డ. పొయ్యి సెగ" అంది సత్యమ్మ కళ్లు తెరిచి. మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతోంది.

దీక్షిత సంచి కింద పెట్టి తల్లి మణికట్టు పట్టుకుంది. నాడి ఆమె వేళ్ల కింద తరుముకొస్తున్నట్టు కొట్టుకుంటోంది. వెంటనే అల్మారలోంచి బీపీ మిషన్ తెచ్చి చేతికి చుట్టింది. అంకెలు చూసి ఆమె ముఖం మారిపోయింది. మళ్లీ చూసింది. అవే అంకెలు.

"గోలి ఏస్కుంటున్నవా లేదా?"

"ఏస్కుంటున్న."

"రోజూ?"

"రోజూ బిడ్డ. అంబిక ఇయ్యకుంట ఉంటదా?" అని సత్యమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

దీక్షితకు ఒకటి ఖాయంగా తెలుసు. అమ్మ వాడే ఆ బీటా బ్లాకర్ గోలి వేసుకునే మనిషికి, కూర్చున్న చోట కూర్చుని ఉండగా నాడి ఇలా ఉరకదు. ఉరికిందంటే గోలి లోపలికి పోవడం లేదు. ఇదే ముక్క ఆమె క్లాసులో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అప్పుడు ఆమె చూపు గట్టు మీద మూతపెట్టిన గ్లాసు మీద పడింది. మూత తీసింది. చిక్కటి ఆకుపచ్చ రసం, చేదు వాసన.

"ఇదేంది?"

"బొప్పాయి ఆకు రసం వదినే" అంది అంబిక రొట్టె తిప్పుతూ. "అత్తమ్మ అడిగింది, చేసిచ్చిన. ఒంట్ల వేడి చేసిందట. మూణ్నాలుగు దినాల సంది తాగుతున్నది."

"వేడి తగ్గనీకి బొప్పాయి ఆకు ఎవలు తాగుతరు? ఇది జరమొచ్చినోళ్లు తాగేది. గుండె మనిషికి గిట్ల ఆకులు అలములు నూరి పోస్తున్నవ్, గోలి మాట మర్చిపోయినవ్. గంతే కదా?"

అంబిక చేతిలోని రొట్టె పెనం మీద వదిలేసి ఇటు తిరిగింది. "గోలి మర్చిపోయిన్నని ఎవరన్నరు? పొద్దుగాల చాయ్‌తోని నా చేతులతోనే ఇస్త. కావాల్నంటె సూడు" అంటూ డబ్బాలోంచి అట్ట తీసి చూపించింది. వారం రోజుల గోలీలు చించి తీసినట్టే ఉన్నాయి.

"ఖాళీ అట్ట సూపెడితె అయిపాయెనా? అమ్మ నోట్లెకు పోయిందా లేదా అన్నది ముఖ్యం."

"నోరు తెరిచి సూడాల్నా వదినే? ఆమె ఏమన్న చిన్నపిల్లనా?"

"చిన్నపిల్ల కాదు గనుకనే అడుగుతున్న. అమ్మ పాణం నీ చేతులల్ల పెట్టి నేను వికారాబాద్‌ల నిమ్మళంగ ఉంటున్న. నువ్వేమో అట్ట చించి ఆడ పారేసి, రొట్టెల పనిల పడుతున్నవ్."

ఆ మాట అంబికకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కోపం నషాళానికంటితే ఆమె నోట పుట్టింటి కన్నడం వస్తుంది. "సాకు వదినే, సాకు!" అంది చెయ్యి అడ్డంగా ఊపుతూ. "ఇగ చాలు. వారానికొక్కసారి వచ్చి నాడి పట్టి పోయెదానివి నువ్వు. రాత్రి దగ్గొస్తె లేచేది నేను. నీళ్లు కాగబెట్టేది నేను. కాళ్లు నొస్తె పట్టేది నేను. నాకు చదువు లేదు గని కండ్లున్నయి."

"కండ్లుంటె గీ చెమట కనబడలేదా మరి?"

"కనబడ్డది. నిన్న సాయంత్రమే దవాఖానకు పోదమన్న. బిడ్డొస్తది, ఆమెనే డాక్టరు, ఆమె సూస్తది అన్నది అత్తమ్మ. అడుగు."

సత్యమ్మ చీర కొంగు గుప్పిట్లో గట్టిగా పట్టుకుని నేల చూస్తోంది. తల్లి నోరు విప్పకపోవడంతో దీక్షితకు తన అనుమానం ఇంకా బలపడింది. కోడలి ముందు భయపడి అమ్మ మాట్లాడటం లేదనుకుంది. ఒకసారి అలా అనుకున్నాక వేరే అనుకునే అలవాటు ఆమెకు లేదు.

అప్పుడే సంతోష్ లోపలికి వచ్చాడు. ఊరి చివర నాపరాయి బండలకు పాలిష్ పట్టే చిన్న కార్ఖానా ఉంది అతనికి. కనుబొమ్మల దాకా తెల్లటి రాతి దుమ్ము. ఇంట్లో గొంతులు వీధి దాకా వినిపించాయని అతని ముఖమే చెబుతోంది.

"ఏంది అక్క? వచ్చుడు వచ్చుడే లొల్లి?"

"సంతోష్, అమ్మను నేను తోల్కపోతున్న. బట్టలు సదురుమను. మధ్యాహ్నం బండికి పోతం. ఇగ అమ్మ నా దగ్గరనే ఉంటది."

"ఒక్క దినమా రెండు దినాలా?"

"ఇగ ఈడికి పంపను."

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. ఎవరూ అటు చూడలేదు. అంబిక కళ్లనిండా నీళ్లు తిరిగాయి గాని ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు. "తోల్కపో. కానీ ఎందుకు తోల్కపోతున్నవో వాడకట్టోళ్లకు చెప్పి పో. కోడలు గోలీలియ్యక సంపుతున్నదని చెప్పు. రేపటి సంది నేను ఈ వాడల ముఖమెట్ల ఎత్తుకోవాలె?"

"అంబిక, జర ఊకో" అన్నాడు సంతోష్.

"నేనెందుకు ఊకోవాలె? మాట పడ్డది నేను!"

"ఆపుండ్రి!" అంటూ సత్యమ్మ గోడ పట్టుకుని లేచింది. "నేను యాడికి రాను. అంబిక తప్పేం లేదు. నా కోడల్ని ఏమన్న అంటె..." మాట పూర్తి కాలేదు. చెయ్యి ఛాతీ మీదికి పోయింది. "బిడ్డ... బిగవట్టింది..." అంటూ ఉన్నచోటే కూలబడబోయింది. అందరికంటే దగ్గరున్న అంబిక రెండు చేతులతో పట్టుకుని ఒడిలోకి తీసుకుంది.

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. సంతోష్ బండలు మోసే తన ట్రాలీ ఆటోలోనే పరుపు వేశాడు. వెనక అత్తను ఒళ్లో పడుకోబెట్టుకుని అంబిక, పక్కనే నాడి పట్టుకుని దీక్షిత. ఇందిరా చౌక్ దాటేంత సేపు దీక్షితకు తను చదివినదంతా గుర్తొచ్చింది. ఏదీ పనికి రాలేదు. అమ్మా అమ్మా అనుకోవడం ఒక్కటే చేతనైంది.

*

డాక్టర్ జబీన్ నర్సింగ్ హోమ్ తాండూరులో అందరికీ తెలుసు. సత్యమ్మకు ఆ గోలి మొదట రాసింది ఆమే. మనిషి సన్నగా ఉంటుంది గాని, గొంతు వింటే రోగులు సగం తేరుకుంటారు.

"క్యా సత్యమ్మా, ఏం పరేషాన్ చేస్తున్నరు అందర్ని?" అంటూనే ఈసీజీకి సైగ చేసింది. నర్సు తీగలు అతికించడానికి సత్యమ్మ పైట సర్దబోయింది. సత్యమ్మ కొంగు వదల్లేదు. నర్సు బతిమాలుతూ వేళ్లు విడదీసింది. కొంగు చివర గట్టిగా బిగించిన ముడి ఉంది. ఆ పెనుగులాటలో ముడి వదులై, టపటపమని తెల్లటి గోలీలు బండల మీద రాలాయి.

ఒక గోలి దొర్లుకుంటూ వచ్చి దీక్షిత చెప్పుకు తగిలి ఆగింది. ఆమె వంగి తీసింది. పీహెచ్‌డీ చేసినన్ని రోజులూ చేతుల్లో తిప్పిన గోలి, ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

డాక్టర్ జబీన్ ముందు చెయ్యాల్సినవి చేసింది. ఈసీజీ చూసింది, రక్తం తీయించింది, మందు ఇచ్చింది. కొంతసేపటికి సత్యమ్మ ఊపిరి కుదుటపడింది. గుండెపోటు కాదని పరీక్షల్లో తేలింది. అప్పుడు జబీన్ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"గోలీలు ఎన్ని దినాల సంది బంద్ పెట్టిండ్రు?"

"పోయిన ఐతారం సంది" అంది సత్యమ్మ చిన్నగా.

"ఒక్కసారి బంద్ పెడితె గిట్లనే అయితదమ్మా. గీ గోలి ఇన్నేండ్లు గుండెను అదిమి పట్టుకున్నది. చప్పున ఇడిస్తె అది రెట్టింపు జోరుతోని లేస్తది. ఇంక నాలుగు దినాలు గడిస్తె ఏమయ్యేదో నేను చెప్పలేను. ఎవలు ఆపుమన్నరు మీకు?"

సత్యమ్మ చూపు మెల్లగా తిరిగి దీక్షిత మీద ఆగింది.

"నేనా?" అంది దీక్షిత. "నేనెప్పుడు ఆపుమన్న?"

"ఆపుమనలే బిడ్డ. పోయిన ఐతారం నేను కందులు చెరుగుతుంటె వచ్చి నా పక్కకు కూసున్నవ్. అమ్మా, నేనేం చదివిన్నో నీకు అర్థమయ్యేటట్టు చెప్త అన్నవ్. నువ్వు రోజూ ఏస్కునే గోలి ప్లేట్‌లెట్లను తగ్గిస్తది, గదే నేను చదివి పట్టా తెచ్చుకున్న అన్నవ్. సంబురంగ చెప్పినవ్. నువ్వు తప్పు చెప్తవా? డాక్టరైతివి."

తను ఏమందో దీక్షితకు మాట మాటా గుర్తుంది. కాలేజీలో అయితే 'ప్లేట్‌లెట్ల పనితీరు' అని చెప్పేది. పనితీరు అంటే అమ్మకు తెలియదేమోనని ఆ ఒక్క మాటా తీసేసి సులువు చేసింది. చేసి, ఎంత బాగా విడమరచానో అని తనను తాను మెచ్చుకుంది కూడా.

"అయితె ఆ ఆకు రసం..." అంది అంబిక.

"మరి ప్లేట్‌లెట్లు పెరగాల్నంటె అదే తాగాలె గద? డెంగీ వచ్చినప్పుడు వాడంతా అదే తాగిరి. నీకు చెప్తె నువ్వు బిడ్డ మాటను శంకిస్తవని ఒంట్ల వేడి అని చెప్పిన. గోలి బయట పారేద్దమంటె చెయ్యి రాలే. పైసలు పెట్టి కొన్నవాయె. కొంగుకు కట్టిన."

సంతోష్ తల పట్టుకున్నాడు. "నన్నొక్క మాట అడగొద్దా అమ్మా? డాక్టరమ్మను అడగొద్దా? భయమైతె అక్కకే ఫోన్ చెయ్యొద్దా?"

"నాకేమన్న అయితదని భయపడలేరా నేను!" అంది సత్యమ్మ. ఆ గొంతు అంతకుముందు ఎవరూ వినలేదు. "ముసలిదాన్ని, నాకేమైతె ఏంది? నేను భయపడ్డది గది కాదు."

"మరేంది?" అంది దీక్షిత మంచం మీద చెయ్యి ఆనించి.

"మొగులప్ప" అంది సత్యమ్మ.

మొగులప్ప ఆమె తమ్ముడు. బషీరాబాద్ దగ్గర పొలం. నిరుడు వానాకాలం డెంగీ జ్వరంతో దవాఖానలో చేరాడు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, పడిపోతున్నాయి అని డాక్టర్లు చెబుతుండగానే, ఎవరికీ నమ్మకం కుదరకముందే పోయాడు. అక్క అంటే ప్రాణమిచ్చే మనిషి. ఆ పేరు ఇంట్లో ఇప్పటికీ మెల్లగా తప్ప ఎవరూ పలకరు.

"వానికి గూడ బీపీ ఉండె కద. నేనే తోల్కొచ్చి ఈ డాక్టరమ్మకు సూపెట్టిన. నాకు రాసిందే వానికి గూడ రాసింది. వాడు ఏస్కుంటుండెనా? మర్చిపోతుండె. నేనే పొద్దున లేస్తె ఫోన్ చేసి, మింగినవారా, మింగినంకనే బువ్వ తిను అని పోరు పెట్టి మింగిపిస్తుంటి. ఏండ్లకేండ్లు." ఆమె ఊపిరి ఎగబీల్చింది. "అది ప్లేట్‌లెట్లను తగ్గిస్తదని నువ్వు చెప్పంగనే నాకు చేట చేతుల్నుంచి జారిపాయె బిడ్డ. వానివి నేనే తగ్గిపించిన్ననుకున్న. జరమొచ్చెటాలకు వాని ఒంట్ల ప్లేట్‌లెట్లు లేకుంట చేసింది నేనే అనుకున్న. నా తమ్మున్ని నా చేతులతోని సంపుకున్ననని ఎవలితోని చెప్పుకోవాలె? వాని పెండ్లాం ఫోన్ చేస్తె ఎత్తనీకి నా చెయ్యి రాలే."

వారం రోజులు. వారం రోజులు ఆమె ఈ మాట గొంతులో పెట్టుకుని రొట్టెలకు పిండి కలిపింది, చాయ్ తాగింది, పక్కింటివాళ్లతో నవ్వింది. దీక్షిత రెండు వందల పేజీలు రాసింది. అందులో తప్పొక్కటి లేదని పరీక్షకులు మెచ్చుకున్నారు. ఇంట్లో చెప్పిన ఒక్క వాక్యం మాత్రం తప్పు. అది పోయి పోయి అమ్మ గుండెలోనే దిగింది. ఆమె తల్లి పాదాలు పట్టుకుని ఏడ్చేసింది.

"కాదమ్మా. కాదు. మామ గోలితోని పోలే. నేనే సరిగ్గ చెప్పలే. ఆ గోలి ప్లేట్‌లెట్లను తగ్గియ్యదమ్మా."

"నువ్వే కద అంటివి?"

"ఒక మాట మింగిన. అదే కొంప ముంచింది." ఆమె కళ్లు తుడుచుకుని మంచం అంచున కూర్చుంది. ఈసారి మాటలు వెతుక్కుని, ఒక్కొక్కటీ తల్లి ముఖం చూస్తూ చెప్పింది. "ప్లేట్‌లెట్లంటె ఏందో తెలుసా? చెయ్యి తెగితె నెత్తురు ఆగుతది సూడు, అవి ఒకదానికొకటి అతుక్కుని ఆపుతయి. కొన్నిసార్లు గాయం లేకున్నా ఊకనే ఎగబడి అతుక్కుంటయి. అట్లయితె నరాల్ల గడ్డ కడతది, గుండెకు మంచిది కాదు. గీ గోలి ఆ ఎగబడుడు కొంచెమంత తగ్గిస్తది. కొంచెమే. ఎన్నున్నయో అన్నే ఉంటయి. అవి తగ్గవు."

"మరి మొగులప్పవి?"

"డెంగీ తగ్గించింది. ఆ జరం ప్లేట్‌లెట్లనే నాశనం చేస్తది. గోలి వేరే, జరం వేరే. నువ్వు మామకు బీపీ పెరగకుంట సూసుకున్నవ్. గంతే నువ్వు చేసింది."

సత్యమ్మ నమ్మాలా వద్దా అన్నట్టు డాక్టర్ జబీన్ వైపు చూసింది. "నిజమేనా అమ్మా? నా బిడ్డ నన్ను ఊకోబెట్టనీకి అంటలేదు కద?"

"నూటికి నూరు పాళ్లు నిజం" అంది జబీన్. అప్పుడే వచ్చిన రిపోర్టు కాగితం ఎత్తి చూపించింది. "మీరు ఇన్నేండ్లు గీ గోలి మింగిండ్రు కద? ఇగో మీ ప్లేట్‌లెట్లు, రెండు లక్షల పైనే ఉన్నయి. గోలి తగ్గించేదుంటె ఇవెట్లుంటయి? మీ తమ్మునికి మీరు మేలే చేసిండ్రు సత్యమ్మా. ఇంకోటి ఇనుండ్రి. గీ గోలి చప్పున బంద్ పెడితెనే ప్లేట్‌లెట్లు ఇంక ఎక్కువ ఎగబడొచ్చు. అంటె మీరు భయపడ్డది ఒకటి, చేసింది ఒకటి."

రెండు లక్షలు అన్న మాట సత్యమ్మకు అర్థమయ్యే భాష. మొగులప్పవి ఇరవై వేలకు పడ్డాయన్న రోజు ఆమె దవాఖాన మెట్ల మీదే కూర్చుని ఉంది. ఆ కాగితం చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది. తర్వాత "తమ్మీ..." అంటూ వారం రోజులుగా ఆపుకున్న ఏడుపు గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. అంబిక తల నిమురుతూ ఉండిపోయింది.

ఏడుపు సద్దుమణిగాక దీక్షిత లేచి అంబిక ఎదుట నిలబడింది. సంతోష్ ఉన్నాడు, నర్సు ఉంది, పక్క మంచం మీద ఎవరో పెద్దాయన, ఆయన వాళ్లు ఉన్నారు. ఉంటే ఉండనీ అనుకుంది. అందరూ వినేలా మాటన్నప్పుడు అందరూ వినేలాగే వెనక్కి తీసుకోవాలి.

"అంబికా, నేను నిన్ననరాని మాటలన్న. అమ్మ పాణం మీదికి తెచ్చింది నువ్వు కాదు, నేను. తప్పయింది. నన్ను మాఫ్ చెయ్యి" అంటూ చేతులు జోడించింది.

అంబిక వెంటనే కరిగిపోలేదు. కరగాలని ఎక్కడా లేదు కూడా. "పెద్దదానివి, చేతులు జోడించకు వదినే, మంచిగుండదు" అంది ముందు. ఆ తర్వాత, "కానీ మాట గుచ్చుకున్నది. ఒక్క దినంల పోదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న" అంది.

"పోకున్నా మంచిదే. గుర్తుండాలె నాకు."

"మరి అత్తమ్మను తోల్కపోతవా?"

దీక్షిత జవాబు చెప్పేలోపు మంచం మీంచి గొంతు వినిపించింది. "నన్ను అడిగేటోళ్లు ఎవలన్న ఉన్నరా ఈడ? ఒకలేమో తోల్కపోత అంటరు, ఒకలేమో తోల్కపోతవా అంటరు. నేనేమన్న కందుల మూటనా?" సత్యమ్మ కళ్లింకా తడిగానే ఉన్నాయి గాని గొంతు తిరిగొచ్చింది. "నేను తాండూరు ఇడిసిపెట్టి రాను. నా ఇల్లు గిదే, నా కోడలు గిదే. నువ్వు ఐతారం ఐతారం రా బిడ్డ, నాడి పట్టు. లొల్లి మాత్రం పెట్టకు."

"పెట్టనమ్మా" అంది దీక్షిత. సంతోష్ నమ్మలేనట్టు అక్క ముఖం చూశాడు. మారుమాట లేకుండా ఆమె ఓడిపోవడం అతను పుట్టాక చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి బీపీ దారికొచ్చింది. నాడి నిదానించింది. ఆదివారం రాత్రంతా వదినా మరదళ్లిద్దరూ మంచానికి చెరో పక్కన కూర్చున్నారు. తెల్లారి దీక్షిత కాలేజీకి ఫోన్ చేసి సెలవు పెట్టింది. అంబిక ఫ్లాస్కులో చాయ్ తెచ్చి ముందు ఆమెకే పోసింది. సత్యమ్మ సంతోష్ ఫోన్ అడిగి తీసుకుని, మొగులప్ప భార్యతో చాలాసేపు మాట్లాడింది.

ఇంటికి పంపే ముందు డాక్టర్ జబీన్ వచ్చి మంచం దగ్గర నిలబడింది. "గోలీలు మళ్ల షురూ చేసినం. ఇగ నన్ను అడగకుంట బంద్ పెట్టొద్దు. పోయెముందు నాకొకటి చెప్పుండ్రి సత్యమ్మా. గీ గోలి ఏం చేస్తది? మీకేం అర్థమైందో మీ మాటల్ల చెప్పాలె."

సత్యమ్మ పరీక్షకు కూర్చున్నట్టు సర్దుకుని కూర్చుంది.

"గుండె ఉరుకుడు తగ్గిస్తది. బీపీ తగ్గిస్తది. ప్లేట్‌లెట్లను మాత్రం తగ్గియ్యది. అవి ఎన్నున్నయో అన్నే ఉంటయి. ఊకనే ఒకల మీదికి ఎగబడుడు, ఉన్నదానికి లేనిదానికి మీద పడుడు, గా దుడుకుతనం కొంచెం తగ్గుతది. గంతే."

"శభాష్! గింత మంచిగ నేను గూడ చెప్పలేను" అంది జబీన్.

సత్యమ్మ కూతురి వైపు ఒకసారి చూసి, మళ్లీ డాక్టర్ వైపు తిరిగింది. "గట్లయితె అమ్మా, నా బిడ్డకు గూడ దినానికొకటి రాయి. మనిషి ఉన్నట్టే ఉండాలె, మీద పడుడు జర తగ్గాలె."

దీక్షిత ముఖం కందగడ్డైంది. సంతోష్ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. బట్టల సంచి సర్దుతున్న అంబిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. అందరికంటే ముందు పకపకా నవ్వింది ఆమే.